ఇంటిపనియు నీశ్వరసేవయు



ప్రార్థన ముగించుకొని మనము మన యిండ్లకు పోవుదుము. అక్కడ మనకొఱకు అన్నము సిద్ధముగా నుండును. పీట వేయబడియుండును, మంచినీళ్లు పోయబడియుండును, మనము తిని లేచిన తోడనే కంచము మాయమగును. వేసినవారెవరు, పోసినవారెవరు, తీసినవారెవరు అని మన మెన్నడైన విచారించితిమా? సర్వభూతములయందును ఒక్క పరమాత్మయే వెలుగుచున్నాడని యిప్పుడే పలికి వచ్చిన మన నాలుక, ఆ యెంగిలి కంచము నెత్తిన చేతిని గూర్చి యొక్క మాటయు పలుకదు. ఆ మౌనమును గూర్చియు, దానివలన మన పిల్లలు నేర్చుకొనుచున్న పాఠమును గూర్చియు నేడు కొంత విన్నవింపదలచితిమి.

ఇతరుల దోషముల నెన్నుటకు ముందు మా దోషమును చెప్పుకొనుట న్యాయము. మా యింట పదునొకండేండ్ల కుమారుడును, ఎనిమిదేండ్ల కుమార్తెయు కలరు. ఒకనాటి సాయంకాలము స్త్రీపురుషుల సమానత్వమును గూర్చి మేము గంటసేపు ఉపన్యసించి, పలువురి మెప్పును పొంది, సంతోషముతో నింటికి వచ్చితిమి. అందరము భోజనమునకు కూర్చుంటిమి. కుమారుడు తిని, కంచము నక్కడనే విడిచి, చేయి కడుగుకొని పుస్తకము పట్టుకొనెను. చిన్నది తన కంచముతోపాటు అన్నగారి కంచమును తీయబోయి, నిలిచి, మా మొగము చూచి, "నాన్నగారూ! అన్నయ్య కంచము నేనెందుకు తీయవలెను? వాడికి చేతులు లేవా?" అని యడిగెను. మా తల్లిగారు నవ్వి, "ఆడపిల్లవు గదే తల్లీ! రేపు అత్తవారింట చేయవద్దా?" అనిరి. మేము మజ్జిగ పోసికొనుచు ఊరకుంటిమి. బిడ్డ మరి మాటాడక రెండు కంచములును తీసికొని పెరటిలోనికి పోయెను.

మా తల్లిగారి మాట ఆమె పెరిగిన కాలపు మాట. ఆమె చేత ఆ మాట పలికించినది ఆమె బాల్యమున ఆమెకు చెప్పబడిన మాటయే. కాని మా మౌనమునకు అట్టి సాకు ఏదియు లేదు. వేదికమీద గంటసేపు చెప్పినదంతయు ఒక్క గ్రుక్క మజ్జిగతో మ్రింగివేసితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ బిడ్డ యడిగిన ప్రశ్న మమ్మే కాదు, మన సంస్కారమునంతటిని ప్రశ్నించుచున్నట్లు మాకు తోచెను.

ఆ బాలుడు దుష్టుడా? కాడు. వాడు చెల్లెలిని ప్రేమించును. ఆమెకు జ్వరము వచ్చినచో తాను అన్నము తినడు. వాడు కంచము విడిచిపెట్టుట మమ్ము చూచి నేర్చుకొనెను. మేము విడిచితిమి గనుక వాడును విడిచెను. దీనిలో వాడు నేర్చిన దేమి? తన మురికి తనది కాదు, దానిని తీయుటకు వేఱొకరు పుట్టియున్నారు అనుట. సోదరులారా! మన దేశమున జాతిభేదమను మహావృక్షమునకు బీజ మిదియే గదా! ఒకరు మైలచేయుటకును, మఱియొకరు ఆ మైలను మోయుటకును పుట్టిరనియు, మోసినవాడే మైలవాడనియు మన పూర్వులు నమ్మిరి. ఆ నమ్మకమును మనము సభలలో ఖండించుచున్నాము. భోజనపు గదిలో ప్రతిదినము రెండుపూటల దానికి నీరు పోసి పెంచుచున్నాము. చీపురు పట్టుట నీచమని తలంచుచు పెరిగిన బాలుడు, పెరిగి పెద్దవాడై, చీపురు పట్టినవానిని సోదరుడని పిలిచినను ఆ పిలుపు పెదవులనుండియే వచ్చును గాని హృదయమునుండి రాదు.

పిల్లలకు పని యనిన సహజముగా ద్వేషమని కొందరు తలంతురు. ఇది నిజము కాదు. నడక నేర్చిన శిశువును చూడుడు. తల్లి ఊడ్చుచుండగా చీపురు లాగుకొనును. చపాతీలు ఒత్తుచుండగా ముద్ద కావలెనని యేడ్చును. 2006లో జర్మనీ దేశమున ఇద్దరు శాస్త్రజ్ఞులు 18 నెలల శిశువులను పరీక్షించి ప్రకటించిరి. పెద్దవాడొకడు చేతినిండ పత్రికలతో వచ్చి బీరువా తలుపు తెరువలేక తడబడినట్లును, వస్తువు చేజారి అందుకొనలేనట్లును నటించెను. ఎవరును అడుగకయే, ఏమియు ఇయ్యకయే, 24గురు శిశువులలో 22గురు ఒక్కసారియైన లేచిపోయి సహాయము చేసిరి. పరమేశ్వరుడు సేవాబుద్ధిని మాట రాక మునుపే మానవుని యందుంచి పంపుచున్నాడని దీనివలన మనకు తెలియుచున్నది. దానిని చంపువారము మనమే. మూడేండ్ల బిడ్డ గ్లాసు తీసికొని రాగా, "నీకెందుకురా, ఒలకబోసెదవు, పోయి ఆడుకో" అందుము. పదేండ్లు అట్లు తరిమి, పదుమూడవయేట, "ఇంత సోమరి యెట్లు పుట్టెను?" అని తల బాదుకొందుము.

మన పూర్వులు విద్యను పనినుండి వేఱుచేయలేదు. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ మీరెల్లరు నెఱుగుదురు. బ్రహ్మవిద్య కావలెనని వచ్చిన ఆ బాలునకు గురువు మొదట గ్రంథము నియ్యలేదు. బక్కచిక్కిన 400 గోవుల నిచ్చెను. అవి వేయి యగువఱకు మరలి రానని బాలుడు అడవికి పోయెను. తిరిగి వచ్చునప్పుడు వృషభమును, అగ్నియు, హంసయు, నీటిపక్షియు వానికి బ్రహ్మమును బోధించినవని చెప్పబడియున్నది. దీని తాత్పర్యము మాకు తోచినంతవఱకు ఇది: జ్ఞానము పనికి తరువాత వచ్చిన బహుమానము కాదు, పనిలోనే, తాను మేపిన పశువు నోటనే, తాను రగిల్చిన నిప్పులోనే వానికి దొరకెను.

భారతమున ఆరుణి కథ కలదు. పొలము గట్టు తెగగా నీటిని నిలుపుమని ధౌమ్యుడు శిష్యుని పంపెను. ఏ యుపాయమును సాగక, బాలుడు తన దేహమునే గట్టుగా చేసి గండిలో పరుండెను. ఈ కథను శిష్యుని విధేయతకు దృష్టాంతముగా చెప్పుట వాడుక. మేము దానిలో గురువు ధర్మమునుగూడ చూచుచున్నాము. ప్రొద్దుగ్రుంకినను బాలుడు రాకపోగా, ధౌమ్యుడు ఇంట కూర్చుండలేదు. తానే పొలమునకు పోయి పేరెత్తి పిలిచెను. పని చెప్పినవాడు బిడ్డను వెదకికొని పోవలెను. బిడ్డ శక్తికి మించిన పని చెప్పితినా యని తన్ను తాను అడుగుకొనవలెను. పని చెప్పుట అధికారము కాదు, అదియొక బాధ్యత.

మన యాంధ్రదేశమునకు దగ్గఱగా చూతము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. అందుకై వారికి కలిగిన బహిష్కారము మనకు తెలిసినదే. వంటవారును, నీరు తెచ్చువారును రాకపోయిన ఆ దినములలో, వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, తామే వంటచేసి, ఆ గృహమును నడిపిరి. పంతులుగారి ఉపన్యాసములు మనకు పుస్తకములలో దొరకుచున్నవి. ఆ నీళ్ల బిందెను మనము తలంచుట అరుదు. కాని ఆ బిందె లేకున్న ఆ సంస్కారము మూడుదినములైన నిలిచియుండునా? లోకమంతయు విడిచిన దినమున మనుష్యుని నిలుపునది వాని చేతులే. మన పిల్లలు రేపు ధర్మముకొఱకు ఒంటరిగా నిలువవలసి వచ్చినచో, తమ యన్నము తాము వండుకొనలేని వారెట్లు నిలుతురు?

1901లో రవీంద్రనాథులు శాంతినికేతనమున పాఠశాలను స్థాపించిరి. 1915వ సంవత్సరము మార్చి 10వ తేదీన, గాంధీమహాత్ముని ప్రోత్సాహమున, అక్కడి బాలురును ఉపాధ్యాయులును వంటయు, ఊడ్పును, పాత్రలు తోముటయు తామే చేయ నారంభించిరి. ఆ ప్రయత్నము చిరకాలము సాగలేదు. అయినను ఆ దినమున గురుశిష్యులు కలిసి పనిచేయు ఆచారము అక్కడ స్మారకముగా నిలిచినది. దీనినుండి మనకు రెండు పాఠములు. బాలురు ఉత్సాహముతో చేయుదురు, పెద్దలు తోడున్నచో. ఉత్సాహముతో ఆరంభించినది నిలువదు, దినచర్యగా మారనిచో. కావున ఒక దినపు పండుగగా గాక, స్నానమువలె, సంధ్యాప్రార్థనవలె, ఇంటిపనియు పిల్లలకు నిత్యము కావలెను.

ఏ వయస్సున ఏ పని? ఈ విషయమున మా గృహిణియు, కొందరు మిత్రుల గృహిణులును అనుభవమువలన చెప్పినది విన్నవింతుము. రెండుమూడేండ్ల బిడ్డ ఆటవస్తువులను బుట్టలో వేయగలదు. చెప్పులను జతగా పెట్టగలదు. నాలుగైదేండ్ల బిడ్డ మొక్కలకు చిన్న చెంబుతో నీరు పోయగలదు. గోంగూర ఆకు త్రుంచగలదు. చిక్కుడుకాయల ఈనెలు తీయగలదు. ఆఱేడేండ్లకు కంచములు, గ్లాసులు పెట్టుట, తన పక్క దులిపి దుప్పటి మడచుట, పప్పులో రాళ్లు ఏరుట వచ్చును. ఎనిమిది మొదలు పదివఱకు గది ఊడ్చుట, తన కంచము తోముకొనుట, చిన్న బట్టలు ఉతుకుకొనుట, ఆఱిన బట్టలు మడచుట తగును. పదునొకండు మొదలు పదుమూడువఱకు బియ్యము కడుగుట, పెద్దవారి యెదుట కూరలు తఱుగుట, అంగడికి పోయి సరకు తెచ్చి పైసలతో లెక్క యొప్పగించుట అలవడవలెను. పదునాలుగు దాటిన కుమారుడు గాని కుమార్తె గాని, ఇంటిలో తల్లి మంచము పట్టిన దినమున అన్నము, పప్పు, చారు చేసి అందరికిని వడ్డింపగలిగి యుండవలెను. వీనిలో ఒక్క పనియు ఆడపిల్లకని గాని మగపిల్లవానికని గాని వేఱుగా లేదు.

చేయింపరాని పనులను గూడ చెప్పవలెను. చిన్నపిల్లలచేత గంజి వార్పింపరాదు. మరుగుచున్న నూనెయొద్దకు పోనీయరాదు. మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును ముట్టనీయరాదు. నూతియొద్దకు, తడిచేతులతో విద్యుద్యంత్రముల యొద్దకు పంపరాదు. తలకు మించిన బరువు మోయింపరాదు. చంటిబిడ్డను చిన్నబిడ్డపై విడిచి తల్లిదండ్రులు షికారు పోరాదు. పని పేరుతో బడి మాన్పింపరాదు. ఆట లేకుండ చేయరాదు. తప్పుచేసినందుకు దండనగా పని చెప్పరాదు. చెప్పినచో పని యనిన దండన యని బిడ్డ తలంచును.

ఇక్కడ మనవంటి గృహస్థులు తల వంచుకొనవలసిన విషయ మొకటి కలదు. మన బిడ్డ చేత పని చేయింపరాదని ముద్దుచేసి, అదే వయస్సు గల పేదబిడ్డను పనికి పెట్టుకొన్న గృహములు మన నడుమ నుండెను. 2006వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీనుండి, పదునాలుగేండ్లు నిండని బిడ్డను ఇంటిపనికి పెట్టుకొనుట శాసనముచే నిషేధింపబడినది. 2016లో ఆ శాసనము సవరింపబడి, ఆ వయస్సులోపలి బిడ్డలను ఏ యుద్యోగమునను నియమింపరాదని విధింపబడినది. బడి వేళలు ముగిసిన పిమ్మటనో సెలవులలోనో, అపాయము లేని పనిలో, సొంత కుటుంబమునకు తోడ్పడుట దానినుండి మినహాయింపబడినది. చట్టము మన చేతిని పట్టుకొనగలదు గాని మన మనస్సును మార్చలేదు. ఒక బిడ్డకు పుస్తకము, మఱియొక బిడ్డకు చీపురు అని మనము విభజించితిమి. పరమేశ్వరుడు ఇద్దరికిని పుస్తకమును, ఇద్దరికిని చీపురును ఇచ్చెను.

ఇట్టి విభజనయే అన్నదమ్ములకును అక్కచెల్లెండ్రకును నడుమ నేటికిని సాగుచున్నది. 2019లో భారత ప్రభుత్వము ప్రజలు దినమును ఎట్లు గడుపుచున్నారో విచారించెను. ఆఱేండ్లు మొదలు పైబడినవారిలో, ఏదేని యొకదినమున జీతములేని ఇంటిపని చేసినవారు స్త్రీలలో నూటికి 81.2 మంది, పురుషులలో 26.1 మంది. చేసినవారిలోనైనను స్త్రీ 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించిరి. సోదరులారా! ఈ యంకెలలో మీ యిల్లు ఎక్కడనున్నదో నేటి రాత్రి భోజనవేళ చూచుకొనుడు. మేము మా యిల్లును చూచుకొంటిమి.

కొందరు మిత్రులు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది: "పిల్లల చదువు చెడును." దినమునకు అరగంట పని చదువును చెఱుపదు, చేసిన పనిని ముగించు అలవాటే చదువునకును మూలము. రెండవది: "పనివారున్నారు గదా, వారి జీవనము పోదా?" పనికత్తెను మాన్పుమని మేము చెప్పలేదు. తన కంచము తాను తీసికొను బాలుడే ఆమె శ్రమ యెంతయో ఎఱుగును. ఆమెకు తగిన జీతమును, సెలవును, మర్యాదను రేపు ఇయ్యగలవాడు వాడే. మూడవది: "పిల్లలు చేసినదానిని మేము మరల చేయవలసి వచ్చును." నిజమే. బిడ్డ ఊడ్చిన గదిలో మూలను దుమ్ము మిగులును. మడచిన పంచె వంకరగా నుండును. అయినను బిడ్డ చూచుచుండగా దానిని విప్పి మరల మడవకుడు. ఆ వంకర మడత వలన ఇంటికి నష్టము లేదు. దానిని విప్పినచో బిడ్డ మనస్సునకు నష్టము కలదు. నాలుగవది: "పనికి పైసలిచ్చిన చేయుదురు గదా!" ఇది ప్రమాదము. ముందు చెప్పిన శాస్త్రజ్ఞులే 2008లో 20 నెలల శిశువులను మరల పరీక్షించిరి. సహాయమునకు ప్రతిగా ఆటవస్తువు పొందిన శిశువులు, ఏమియు పొందనివారికంటె తరువాత తక్కువగా సహాయము చేసిరి. ఇల్లు బేరము కాదు. తల్లి వడ్డించిన అన్నమునకు వెల కట్టనివాడు, తల్లికి తెచ్చిన నీళ్లకును వెల యడుగరాదు.

మా యింట తరువాత జరిగినది చెప్పి ముగింతుము. మఱునాటి రాత్రి మేము కుమారునకు బోధ యేదియు చేయలేదు. భోజనము కాగానే మా కంచము మేమెత్తుకొని పెరటిలోనికి పోయి తోముకొంటిమి. నలువదియైదేండ్లు వచ్చినను మాకు ఆ పని చక్కగా రాలేదు, జిడ్డు మిగిలెను. మా తల్లిగారు, "అయ్యో! నీవెందుకు నాయనా!" అని లేచి వచ్చిరి. "ఇన్నాళ్లును మీరెందుకు అమ్మా?" అంటిమి. ఆమె ఏమియు పలుకలేదు. కుమారుడు రెండు దినములు వింతగా చూచుచు, కంచము నక్కడనే విడిచి లేచెను. ఆ రెండు దినములును వాని కంచము నెవరును తీయలేదు. తెల్లవాఱువఱకు అక్కడనే యుండెను. మూడవనాడు వాడే తీసెను. మొగము చిట్లించుకొనియే తీసెను. నెల గడిచినది. ఇప్పుడు ఒకనాడు చెల్లెలి కంచము వాడును, ఒకనాడు వాని కంచము చెల్లెలును తోముచున్నారు. అప్పుడప్పుడు వంతులకై కొట్లాడుకొనుచున్నారు. మొన్నటి రాత్రి మేము మఱచి కంచము విడిచి లేవగా, చిన్నది తలుపుకడ నిలిచి, "నాన్నగారూ! మీ చేతులు?" అనెను. మేము సిగ్గుతో వెనుకకు తిరిగితిమి. ఆ సిగ్గుకంటె మేలైన ఉపన్యాసమును మేము వినియెఱుగము.

రండు, ప్రార్థింతము.

పరమదయాళూ! సూర్యుని ప్రతిదినము నడపించుచు, గడ్డిపరకకు మంచుబిందువును మోసికొని వచ్చు నీకు, ఏ పనియు తక్కువది కాదు. నీ బిడ్డలమైన మేము పనిని తక్కువచేసి, చేయువారిని తక్కువచేసితిమి. మమ్ము క్షమింపుము. మా కుమారులకు సేవచేయు చేతులను, మా కుమార్తెలకు విశ్రమించు హక్కును దయచేయుము. మా పిల్లల చేతులు మేము చూపిన దారిని నడచునవి గనుక, మొదట మా చేతులను సరిదిద్దుము. మా గృహమును నీ మందిరముగా చేయుము. దానిని ఊడ్చు భాగ్యమును మాకందఱికిని సమముగా పంచియిమ్ము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.